ఇంటిస్థలము కొనుటకు ముందు: నేలను, నీటిని పరిశీలించు విధము

పంచాయతీ సభ్యులారా!

మీ గ్రామములో ఎవరైనను ఇంటిస్థలము కొనదలచినపుడు, లేక కట్టియున్న ఇంటిని బేరమాడునపుడు, మీ యొద్దకు వచ్చి "ఏమండీ, ఆ స్థలము మంచిదేనా?" అని అడుగుట వాడుక. అడుగువాని మనస్సులో ఆ ప్రశ్నకు అర్థము సాధారణముగా ఒక్కటే. అమ్మువానికి హక్కు ఉన్నదా, అన్నదమ్ముల తగవు ఏదైన కలదా, చెప్పిన ధర తగినదా అని మాత్రమే వారు తెలిసికొనగోరుదురు. మీరును ఆ మేరకు సమాధానము చెప్పి పంపుదురు. ఇది తప్పు కాదు, కాని చాలదు. హక్కుపత్రములు నిర్దుష్టముగా ఉండియు ఆ నేల చెరువు లోపలిది కావచ్చును. రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజును పరిశీలింతురు గాని, భాద్రపదమాసములో ఆ నేలమీద ఎంత నీరు నిలుచునో పరిశీలింపరు. ఆ సంగతి చెప్పగలవారు ఊరివారే. ఊరివారి పక్షమున చెప్పవలసినవారు మీరు.

సామాన్య కుటుంబము ఇల్లు కొనునది జన్మకు ఒక్కసారి. పదిపదునైదేండ్ల కూడబెట్టిన సొమ్ము, ఇంటి ఆడవారి మెడలోని బంగారము, ఆపైన బ్యాంకు అప్పు, అన్నియు ఆ నాలుగు గోడలలో పోయుదురు. ఒక పంట మునిగిన రైతు మరుసటి యేడు మరల విత్తుకొనును. ఇల్లు మునిగినవాడు ఆ ఇంటిని అమ్ముకొనలేడు, విడిచిపోలేడు. ఏటేట ఆషాఢము వచ్చినది మొదలు ఆకాశము వంక చూచుచు కూర్చుండును. అప్పు వాయిదా మాత్రము ఆగదు.

మనవారు స్థలము చూడకుండ కొందురని నేననను. చాల శ్రద్ధగానే చూతురు. ఈశాన్యము పల్లముగా ఉన్నదా, వీధిపోటు ఉన్నదా అని సిద్ధాంతిగారిని పిలిపించి కొలిపింతురు. ఆ ఈశాన్యమున ఫర్లాంగు దూరములో ఉన్న చెరువు నిండినపుడు అలుగు ఎటు పారునని మాత్రము సిద్ధాంతిగారిని ఎవరును అడుగరు. అడిగినచో ఆయన కూడ ఊరిలోని పెద్దవారినే అడిగి చెప్పవలసివచ్చును.

చెరువు లోపల, అలుగు క్రింద, కట్ట వెనుక

తెలుగు గ్రామములు చాలవరకు చెరువును ఆశ్రయించి ఏర్పడినవి. కావున ముందు చెరువు పనిచేయు తీరు తెలియవలెను. చుట్టుప్రక్కల మెరకనుండి వచ్చు వాననీటిని ఒక కట్ట అడ్డగించును. కట్టలోని తూము ద్వారా నీరు ఆయకట్టునకు పోవును. చెరువు నిండిన తరువాత వచ్చు నీరు కట్టను త్రెంచకుండ పొర్లిపోవుటకు ఒక ప్రక్కన రాతికట్టడము ఉండును. దానిని అలుగు అందురు. కొన్ని జిల్లాలలో కలుజు అందురు. నీరు అలుగుమట్టమునకు చేరినపుడు చెరువు ఎంత మేర వ్యాపించునో ఆ హద్దే పూర్తి నీటిమట్టపు హద్దు. ప్రభుత్వ పత్రములలో ఎఫ్‌.టి.ఎల్‌. అని వ్రాయునది దీనినే.

ఇంటిస్థలమునకు అపాయకరమైన చోట్లు మూడు.

మొదటిది ఆ హద్దుకు లోపలి నేల. తెలంగాణ ప్రాంతమున దీనిని శిఖం భూమి అందురు. చెరువు లోతు కట్టవద్ద ఉండును. ఎదుటి ఒడ్డున నేల పళ్లెపు అంచువలె మెల్లగా లేచును. అందుచేత ఎదుటి ఒడ్డున వందల గజముల నేల సంవత్సరములో చాల నెలలు ఎండియుండును. వరుసగా నాలుగైదు సంవత్సరములు వానలు తగ్గినచో అచట మొదట జొన్న వేయుదురు, తరువాత కంది వేయుదురు, తరువాత రాళ్లు పాతుదురు, తరువాత ప్లాట్లుగా అమ్ముదురు. కొనువాడు వైశాఖమాసములో వచ్చి చూచును. చదునైన నేల, మంచి గాలి, ధర కూడ ప్రక్క నేలకంటె తక్కువ. ధర ఎందుచేత తక్కువయ్యెనో ఆయన అడుగడు, అమ్మువాడు చెప్పడు.

రెండవది అలుగు క్రింది కాలువ. ఇది మరింత మోసకరమైనది. చెరువు పదేండ్లలో ఒకటి రెండు సార్లు మాత్రమే అలుగుపారు ఊళ్లలో ఆ కాలువ సంగతి ఒక తరమువారు మరచిపోదురు. ఇరుప్రక్కల రైతులు ఏటికొక అడుగు చొప్పున దున్నుకొనుటచేత అది పిల్లకాలువ యగును. ఆ మీద దానిపై రోడ్డు వేసి ఒక గొట్టము అమర్తురు. చెరువు అలుగుపారిన రాత్రి ఆ గొట్టములో పట్టని నీరంతయు ఇండ్లలోనికి వచ్చును. అలుగు రాతికట్టడము పొడవును మీరు స్వయముగా అడుగులతో కొలిచి, దాని క్రింద ఇప్పుడు మిగిలియున్న కాలువ వెడల్పుతో పోల్చిచూచినచో వేరు సాక్ష్యము అక్కరలేదు.

మూడవది కట్టకు వెనుక, సరిగా తూము దిగువన నుండు నేల. కట్ట బలముగా ఉన్నంత కాలము ఇచట భయము లేదు. కాని మన చెరువులు ఒంటరిగా ఉండవు. అవి గొలుసుకట్టు చెరువులు; పై చెరువు అలుగునీరు క్రింది చెరువునకు వచ్చును. పైది తెగినచో క్రిందిదానికి తన నీటితోపాటు పైదాని నీరు కూడ వచ్చిపడును. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరమును ముంచి వేలాది జనమును పొట్టనబెట్టుకొన్న మూసీ వరదకు ఇదియొక ముఖ్య కారణము. ఆ వరదను పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. మూసీ పరీవాహక ప్రాంతములోని 788 చెరువులలో 221 తెగినట్లు లెక్క తేలినది. ఆయన సలహాపై నగరమునకు ఎగువన రెండు జలాశయములు నిర్మింపబడినవి: 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు. నూరేండ్ల తరువాత, 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన భారీవర్షమునకు అదే నగరములో చెరువుల దిగువను, చెరువుల లోపలను లేచిన కాలనీలు రోజుల తరబడి నీటిలో నున్నవి. నది కొరకు జలాశయములు కట్టిరి గాని, చెరువుల హద్దులను కాపాడుకొనలేదు.

హద్దునుండి ఎంత దూరము విడువవలెనని మీరు అడుగవచ్చును. 2012 నాటి భవన నిర్మాణ నియమములలో ఒక కొలత కలదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు. అంతకు చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్లకు మించిన వెడల్పుగల వాగులకు, కాలువలకు 9 మీటర్లు. మీ గ్రామమునకు వర్తించు నియమము ఏదియో మండల కార్యాలయమున విచారింపవచ్చును గాని, ఈ కొలతను కనీసపు హద్దుగా మనస్సున ఉంచుకొనుట మేలు. కట్టనుండి కాదు, పాతబడిన నీటి అంచునుండి కాదు, పూర్తి మట్టపు హద్దునుండి కొలువవలెను. ఈ తేడావద్దనే చాలమంది మోసపోవుదురు.

కాగితము, పేరు, మొక్క, ముసలివారు

స్థలము చరిత్రను కనుగొనుటకు నాలుగు సాక్ష్యములు కలవు.

కాగితములు మొదటివి. గ్రామపటములో చెరువు, కుంట, వాగు, డొంక గీతలతో చూపబడియుండును. సర్వే నంబరు కొలతపుస్తకమును, పాత అడంగలును లేక పహాణీని, తెలంగాణ ప్రాంతమున సేత్వారును తీయించి ఆ నంబరు ఎదుట ఏ మాట వ్రాసియున్నదో చూడవలెను. శిఖం, చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, కుంట అని పాత పత్రములో ఉండి, కొత్త పత్రములో ఆ మాట మాయమైనచో అచట ఆగవలెను. కొత్త పత్రము కంప్యూటరులో అందముగా అచ్చుపడి వచ్చినంత మాత్రమున పాతదానికంటె నిజమైనది కాదు.

పేర్లు రెండవ సాక్ష్యము. మన పూర్వులు నేలకు ఊరక పేర్లు పెట్టలేదు. లంక, మడుగు, కుంట, పల్లము, దిబ్బ, మెరక అను మాటలు పొలముల పేర్లలో నేటికిని నిలిచియున్నవి. ఉత్తరాంధ్రలో గెడ్డ యన్నను, రాయలసీమలో వంక యన్నను, తక్కినచోట్ల వాగన్నను నీటిదారియే. "కుంటచేను" అని తాతలనాటినుండి పిలుచు చేను ఇప్పుడు ఎంత మంచి పేరుగల నగరుగా మారినను, దానిని కుంటచేనుగానే ఎంచి విచారింపవలెను. అంగ్లపేరు గల పలక క్రింద పాతపేరు ఏమో తెలిసికొనుట కొనువాని మొదటి పని.

మొక్కలు మూడవది. జమ్ము, తుంగ మొలచు చోట భూమి అడుగున నీరు ఉన్నదని తెలియును. చవుడు తెల్లగా పొంగు నేలలో నీరు పోవుదారి లేక నిలిచి ఆవిరియగుచున్నదని తెలియును. ఎండిన వరిగడ్డి, గుడ్డపేలికలు కంచెమీద ఒకే ఎత్తున చిక్కుకొనియుండుట చూచినచో, అది గాలికి వచ్చి పట్టినది కాదు. నీరు ఆ ఎత్తున పారినది.

నాలుగవది ముసలివారి జ్ఞాపకము. నా అనుభవములో ఇదియే తక్కినవానికంటె నమ్మదగినది. అయితే అడుగుటలో నేర్పు ఉండవలెను. "ఇచట వరద వచ్చునా?" అని అడిగినచో "రాదు నాయనా" అనియే చెప్పుదురు; ఊరికి చెడ్డపేరు తెచ్చుట వారికి ఇష్టముండదు. ఒకచోట నేనొక వృద్ధురాలిని వేరువిధముగా అడిగితిని.

"అమ్మా, పెద్దవాన వచ్చిన యేడు మీ గొడ్లను ఎక్కడ కట్టివేసినారు?"

"ఇక్కడ ఎక్కడ నాయనా, నీళ్లు రాలేదూ! రామాలయం అరుగుమీదికి తోలుకుపోయినాము."

"మీ ఇంటిలోనికి ఎంతదాక వచ్చినవి?"

"ఇదిగో, తిరగలి మునిగింది. బియ్యం కుండ అటకమీద పెట్టుకున్నాము."

తిరగలి మునిగినది అనుటతో నీటిమట్టము అడుగున్నర యని తేలినది. ఆ ఇంటి ప్రక్క స్థలమును అంతకు ముందే ఒకరు వరద రాని స్థలముగా చెప్పి బేరము పెట్టియుండిరి. గొడ్లు, ధాన్యపుగాదె, పొయ్యి, వీనిని గురించి అడిగినచో ఎవరును అబద్ధము చెప్పరు.

నది దూరముగా ఉన్నదన్న ధైర్యము

ఊరికి నది మూడు మైళ్ల దూరములో ఉన్నదని ధైర్యపడువారు బుడమేరు సంగతి తెలిసికొనవలెను. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఈ వాగు విజయవాడ ప్రక్కనుండి పోవును. దాని వరదను వెలగలేరువద్ద ఆపి, ఒక మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోనికి పంపు ఏర్పాటు కలదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదులలో అతివృష్టి కలిగినపుడు వాగును, కృష్ణయు ఒక్కసారే పొంగినవి. ప్రకాశము బ్యారేజివద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు మించినది. కృష్ణ నిండుగా ఉన్నపుడు మళ్లింపు కాలువ నీరు దానిలో దిగలేదు; గట్లకు గండ్లు పడినవి; సింగునగరు మున్నగు పేటలు మునిగినవి. అనేక కుటుంబములు మేడలపై ఆహారము కొరకు, త్రాగునీటి కొరకు రోజులు కనిపెట్టుకొనియుండవలసివచ్చెను. ఆ పేటలలో ఇల్లు కొన్నవారిలో చాలమంది కృష్ణకు భయపడి కరకట్ట చూచిరేగాని, వేసవిలో మురుగుకాలువవలె కనబడు బుడమేరును చూడలేదు.

ఎగువన ఉన్న ఆనకట్టల సంగతియు విచారింపవలసినదే. 2021 నవంబరు 19 తెల్లవారుజామున, అప్పటి కడప జిల్లాలో చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయినపుడు రాజంపేట మండలములోని దిగువ గ్రామములపై నీరు విరుచుకొనిపడెను. నీరు తీసిన తరువాత ఇండ్లలోను, పొలములలోను ఇసుకమేటలు మిగిలినవి. ఏటి ఒడ్డున తరతరములుగా ఉన్న ఊరిని ఎవరును ఒక్కనాడు లేపి తీసికొనిపోలేరు. కాని కొత్తగా కట్టు ఇంటిని ఆ ఊరిలోనే మెరకమీద కట్టవచ్చును. మేడమీదికి ఎక్కుటకు బయటినుండి మెట్లు పెట్టవచ్చును.

సముద్రతీర గ్రామములలో కొలత వేరు. 1977 నవంబరు 19న దివిసీమమీద పడిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి, తీరమునుండి మైళ్లకొలది లోపలికి వచ్చి పదివేలకు పైగా ప్రాణములను తీసినది. తీరప్రాంత ఇండ్లకు తుపాను గాలికంటె ఈ నీరే ఎక్కువ ప్రమాదము. కావున కొనువాడు అడుగవలసినవి: సముద్రమునకు, ఇంటికి నడుమ మడ అడవిగాని, ఇసుకదిబ్బలుగాని మిగిలియున్నవా, చదును చేసివేసినారా? తుపాను రక్షణభవనము చీకటిలో, వానలో, ముసలివారితో నడిచిపోదగినంత దూరములో ఉన్నదా? ఆ దారి మునుగునా? కాకినాడ ప్రక్కన ఉప్పాడలో వలె సముద్రము ఒడ్డును కోయుచున్న చోట ఇల్లు కొనుట ఎంత తక్కువ ధరకైనను తగదు. 2019 నాటి తీరప్రాంత నియమముల ప్రకారము జనసాంద్రత తక్కువగానున్న గ్రామీణ ప్రాంతములలో పోటురేఖనుండి 200 మీటర్లవరకు కొత్త నిర్మాణము సాధారణముగా నిషిద్ధము. మత్స్యకారుల పాత ఇండ్ల సంగతి వేరు. ఇచట చెప్పునది కొత్తగా కొనువారికి.

నేల స్వభావము

నల్లరేగడి పంటకు తల్లి, గోడకు శత్రువు. అది తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు ముడుచుకొనును; వేసవిలో చేయిపట్టు నెరియలు పడును. ఆ నేలమీద లోతులేని పునాదితో కట్టిన గోడ ఏటేట లేచి దిగుచుండును. ప్రక్కనున్న ఇండ్ల కిటికీ మూలలనుండి మెట్లవలె ఏటవాలుగా పోవు పగుళ్లను చూచినచో సంగతి తెలిసిపోవును. ఇట్టి నేలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఒక పద్ధతిని ప్రచారములోనికి తెచ్చిరి: నెరియల లోతుకు క్రిందుగా కాంక్రీటు కంబములు దించి, వాని అడుగును బుంగవలె వెడల్పు చేయుదురు. ఇది చేయదగినదే, కాని ఖర్చు కలదు. స్థలము ధరకు ఆ ఖర్చు కూడ కలిపి లెక్క వేసికొనవలెను. గరప నేలకు, మొరము నేలకు ఈ బాధ లేదు.

పూడ్చిన నేల ఇంకను చెడ్డది. పాడుబడిన దిగుడుబావి, మట్టి తీసిన గుంట, ఇటుకబట్టీ గోతి, వీనిని చెత్తతో నింపి పైన అడుగు మట్టి పరచి అమ్ముచున్నారు. ఒక గడ్డపార తీసికొని నాలుగు మూలల, నడుమ గ్రుచ్చి చూచుట అవమానమేమియు కాదు. మూడు నాలుగు అడుగుల గొయ్యి త్రవ్వించినచో మరియు మంచిది. గోనెపీచు, పెంకులు, ప్లాస్టికు సంచులు వచ్చినచో బేరము విడువవలెను.

త్రాగునీరు

మన దేశములో ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి నడుము వంగిపోవు వ్యాధిని వైద్యులు 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో మొదట గుర్తించి వర్ణించిరి. నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధి వలన దేశమంతట తెలిసినది. ఆ నీరు చూచుటకు తేటగా ఉండును, రుచికి బాగుండును. కనుక కంటితో, నాలుకతో పరీక్షింపరాదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లిగ్రామునకు మించకుండుట మంచిది. వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లిగ్రాములు చివరి హద్దు. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియగుటచేత మరికొంత చిక్కబడును. బోరు లోతుగా పోయినకొలది నీరు మంచిదగునను నమ్మకము కూడ సరికాదు. రాతినేలలలో ఎన్నో లోతుబోర్లలో ఫ్లోరైడు అధికముగానున్నది.

ఇప్పుడు పెక్కు గ్రామములకు కుళాయిల ద్వారా నదీజలము వచ్చుచున్నది. ఇది గొప్ప మేలు. అయినను కుళాయి రాని దినమున వంటకు పెరటిబోరు నీరే వాడుదురు. కావున ఇల్లు కొనుటకు ముందే ఆ నీటిని ఒక శుభ్రమైన సీసాలో పట్టి గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపవలెను. ఫ్లోరైడుతోపాటు నైట్రేటును, ఉప్పదనమును కూడ చూపించుకొనవలెను. నైట్రేటు లీటరుకు 45 మిల్లిగ్రాములు మించిన నీటితో పాలు కలిపి పట్టుట పసిపిల్లలకు అపాయము. అది ఎక్కువగా ఉన్నదనగా మరుగుదొడ్డి గోతి నీరో, పెంటకుప్ప నీరో, పొలమునకు వేసిన ఎరువో బావిలోనికి దిగుచున్నదని అర్థము. మన గోతికిని మన బావికిని నడుమ 15 మీటర్లు ఉన్నవో లేవో చూచుకొందుము గాని, పొరుగువాని గోతికిని మన బావికిని నడుమ ఎంత దూరమో చూడము. రొయ్యల చెరువులు వచ్చిన గ్రామములలో నేటి మంచినీటిబావి నాలుగేండ్లలో ఉప్పబడవచ్చును. చుట్టుప్రక్కల ఎవరి భూమి చెరువులకు కౌలుకు పోవుచున్నదో ముందుగా విచారించుట మంచిది.

ఇరుగుపొరుగు

పొరుగువాడు మనుష్యుడే కానక్కరలేదు. తీగ కావచ్చును, గొట్టము కావచ్చును, కర్మాగారము కావచ్చును.

పదునొకండు కిలోవోల్టుల తీగకును ఇంటి గోడకును ప్రక్కకు 1.2 మీటర్లు, మేడకు పైన 3.7 మీటర్లు ఎడముండవలెను. ఇల్లు ఒక అంతస్తుగా ఉన్నపుడు ఉన్న ఎడము రెండవ అంతస్తు వేసినపుడు ఉండదు. బట్టలు ఆరవేయు ఇనుపతీగ, పిల్లవాని చేతిలోని ఇనుపకడ్డీ ఆ ఎడమును ఇంకను తగ్గించును.

కోనసీమ నగరము గ్రామములో 2014 జూన్ 27 తెల్లవారుజామున భూమిలోని గ్యాసుగొట్టము పగిలి మంటలు లేచినపుడు నిద్రలోనున్న వారితో కలిపి ఇరువదిమందికి పైగా మరణించిరి. గొట్టము పోవు దారిలో గుర్తురాళ్లు, పలకలు ఉండును. స్థలము చుట్టును అర్ధమైలు నడిచి అట్టివి కలవేమో చూడవలెను. విశాఖపట్టణము ప్రక్కన ఆర్‌.ఆర్‌. వెంకటాపురములో 2020 మే 7 వేకువను ఒక కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి పన్నెండుమంది ప్రాణములు పోయినవి. ఆ కర్మాగారము 1961 నుండి అచట ఉన్నది. ఊరు పెరిగి పెరిగి దాని గోడను తాకినది. ధర తక్కువ, పని దగ్గర అని జనము పోయి నివసించినారు. వారిని తప్పు పట్టను. అట్టి చోట ఇండ్లకు అనుమతులిచ్చినవారిని అడుగవలసిన ప్రశ్న అది.

కంకర మిల్లు, ఇటుకబట్టీ, కోళ్లఫారము, చెత్తదిబ్బ, వీని సంగతి అందరికిని తెలిసినదే. ఒక్కమాట: స్థలమును ఉదయము ఒకసారి, రాత్రి ఒకసారి చూడవలెను. నైరుతిగాలి వీచు నెలలలో ఆ దుమ్ము, ఆ వాసన, ఆ ఈగలు ఎటు పోవునో అచట కాపురమున్న ఆడవారిని అడుగవలెను.

పత్రములను గురించి కొంచెము

ఇది వేరు వ్యాసమునకు తగిన విషయము. ముఖ్యమైనవి మాత్రము చెప్పెదను. ముప్పది సంవత్సరముల ఈ.సి.ని, అంతకు ముందరి లింకు దస్తావేజులను చూడవలెను. రిజిస్ట్రేషను చట్టము 22-ఏ క్రింద నిషేధపు జాబితాలో ఆ సర్వే నంబరు కలదేమో విచారింపవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. ఆంధ్రప్రదేశములో 2023లో కొన్ని సడలింపులు వచ్చినవి గాని, అవి ప్రతి భూమికిని వర్తింపవు. లే-అవుటు అనుమతి సంఖ్యను పలకమీద చూచి నమ్మక, అనుమతి పత్రమునే చూడవలెను.

సభ్యులారా, ఇచట మీకు ప్రత్యేకముగా ఒక సంగతి. పంచాయతీ ఇంటిపన్ను రసీదు హక్కుపత్రము కాదు. ఆ స్థలము క్షేమకరమని ఇచ్చిన యోగ్యతాపత్రమంతకంటెను కాదు. కాని కొనువాడు దానిని అట్లే తలచును. "పంచాయతీవారు నంబరిచ్చినారు కదా" అని వాగులో కట్టిన ఇంటిని కొనును. నంబరు వ్రాయు దినమున మీరు మౌనముగానున్నచో, ఆ మౌనమును అమ్మువాడు మీ మాటగా వాడుకొనును.

పేదల ఇంటిస్థలములు

సొంత డబ్బుతో కొనువాడు ఇష్టములేనిచో విడిచిపోగలడు. ప్రభుత్వమిచ్చు స్థలమును తీసికొను పేదవానికి ఆ అవకాశము లేదు. ఊరిలో మెరకనేల ధర ఎక్కువ. పల్లపునేలను అమ్ముటకు యజమానులు సిద్ధముగా ఉందురు. కావున పేదల కాలనీ పల్లమున పడుట జరుగుచున్నది. కాలనీ వేసిన తరువాత మట్టి తోలుటకు, గట్టు కట్టుటకు, వరద వచ్చినపుడు అన్నపుపొట్లములు పంచుటకు అగు ఖర్చును లెక్కించినచో మెరకనేల ధరకంటె తక్కువ కాదు. స్థలమును గూర్చి తహశీల్దారుగారు పంచాయతీ అభిప్రాయమును అడిగినపుడు "అభ్యంతరము లేదు" అని వ్రాయుటకు ముందు సభ్యులు అచటికి నడిచిపోవలెను. ఆ కాలనీలో ఉండబోవువారిని కూడ వెంట తీసికొనిపోవలెను. వారికి ఆ నేల మీకంటె బాగుగా తెలిసియుండును. ఆ పొలములో నాట్లు వేసినది వారే.

చేయదగిన పని కష్టమైనది కాదు. గ్రామపటపు నకలును తీయించి పంచాయతీ కార్యాలయపు గోడకు కట్టింపుడు. దానిమీద చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దులను, అలుగు కాలువలను, గ్యాసుగొట్టములను, పెద్దతీగలను రంగు సిరాతో గుర్తింపుడు. నీటిపారుదల శాఖవారిచేత హద్దురాళ్లను పాతించుకొనుడు. కొనదలచి వచ్చినవానికి బయానా ఇచ్చుటకు ముందు ఆ పటమును చూపి, వీలైనచో ఒక్క పెద్దవాన కురిసినదాక ఆగుమని చెప్పుడు. ఆ వాన కురిసిన మరునాడు ఇద్దరు ముగ్గురు సభ్యులు గజముబద్ద తీసికొని వీధులు తిరిగి, ఏ ఇంటివద్ద నీరు ఎంత ఎత్తున నిలిచినదో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. పెద్దవరద వచ్చిన సంవత్సరమున బడిగోడమీదను, రచ్చబండమీదను నీరు తాకిన ఎత్తున ఒక గీత గీయించి, ప్రక్కన తేదిని, సంవత్సరమును వ్రాయింపుడు. మరుసటి వేసవిలో సున్నము వేయువారు ఆ గీతను కప్పివేయకుండ తారుతో వ్రాయింపుడు.